బోరులో నీళ్లు, దస్తావేజులో పేర్లు

అనంతపురంలో ఇల్లు కొంటున్నానని చెబితే ఎదుటివారు అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: "బోరులో నీళ్లున్నాయా?" ఏడాది మొత్తానికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ వానదేవుడు మాట తప్పని ఏడు, పడే జిల్లాలో అది న్యాయమైన ప్రశ్నే. నేనూ అదే అడిగాను. బోరు ఆడించి చూపించారు. నీళ్లు దండిగా వచ్చాయి. ఇంక చూడవలసిందేముంది అనుకున్నాను.

కాగితాల సంగతంటారా? తెలుగు ఎం.ఎ. చదివి ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నవాణ్ణి, ఒక దస్తావేజు చదువుకోలేనా అన్న అహంకారం నాది. బ్రోకరు తెచ్చిచ్చిన నకళ్లు ఒక రాత్రి కూర్చొని చదివాను. "పుత్రపౌత్ర పారంపర్యముగా" అంటూ సాగిన సమాసాలు చూసి ముచ్చటపడ్డాను. రెండుచోట్ల సంధి తప్పితే పెన్సిలుతో దిద్దాను కూడా. ముప్ఫయ్యేళ్లకు ఇ.సి. తీయించారు, అందులో తాకట్టు ఒక్కటీ లేదు. "మా వకీలున్నాడు సార్, అన్నీ ఆయనే చూసుకుంటాడు, మీకు పైసా ఖర్చు లేదు" అన్నాడు బ్రోకరు. ఐదు లక్షలు బయానా ఇవ్వడానికి చెక్కుబుక్కు తీశాను.

దాన్ని లాక్కున్నది మా ఆవిడ. "మన దగ్గర పైసా తీసుకోని వకీలు ఎవరి పని చేస్తాడండీ?" అంది.

ఇంగ్లండులో ఇల్లు కొనేవాడికి ఒక సొలిసిటరు, అమ్మేవాడికి మరొక సొలిసిటరు ఉండడం మామూలు. మనకు ఆ అలవాటు లేదు. దస్తావేజు లేఖరి రాస్తాడు, సబ్ రిజిస్ట్రారు నమోదు చేస్తాడు, మనం స్వీట్లు పంచుతాం. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం నమోదు చేసేది దస్తావేజునే. అమ్మినవాడు నిజంగా హక్కుదారుడేనని పూచీ పడదు. హక్కుకే ప్రభుత్వం పూచీ పడే పద్ధతి దక్షిణ ఆస్ట్రేలియాలో 1858లో మొదలయింది. ఆ దారిలో మన రాష్ట్రం తెచ్చిన చట్టం 2023లో అమలుకు వచ్చి, 2024లో రద్దయింది. కనుక హక్కు సంగతి కొనేవాడే చూసుకోవాలి. బ్యాంకు వకీలు చూస్తాడుగా అనేవారున్నారు. చూస్తాడు, బ్యాంకు సొమ్ము మునుగుతుందా అని.

మంచి వకీలెవరని అడిగితే ప్రతివాడూ తన బావమరిది పేరు చెబుతాడు. అందుకని కాలేజీలో నేను మరోలా అడిగాను: "మిమ్మల్ని కొనవద్దన్న ప్లీడరు ఎవరైనా ఉన్నారా?" చరిత్ర చెప్పే మిత్రుడొకడు చేయెత్తాడు. వాడు ముచ్చటపడ్డ స్థలం డి.కె.టి. పట్టాదని, ప్రభుత్వం పేదలకిచ్చిన అలాంటి భూమి అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించిందని చెప్పి ఒక పెద్దాయన ఆపేశారట. "ఏడాదిపాటు ఆయనమీద కోపంగా ఉండింది" అన్నాడు మిత్రుడు. ఆ సాయంత్రమే వెళ్లాను.

ఆయన అరగంటసేపు మాట్లాడకుండా చదివారు. నా పెన్సిలు దిద్దుబాట్లు చూసి నవ్వలేదు. చివరికి తలెత్తి అడిగారు: "అయ్యవారూ, అమ్మేవాళ్ల నాయనకు ఆడపిల్లలెందరు?"

నాకు తెలియదు. ఇల్లు కొన్నది ఆ తండ్రి; వీలునామా రాయకుండానే పోయాడు; అమ్ముతున్నవారు ఇద్దరు కొడుకులు. దస్తావేజులో ఉన్న ప్రతి అక్షరమూ చదివాను గానీ, లేని పేర్లు చదవడం నాకు రాలేదు. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తెమ్మంటే తేలింది: ఇద్దరు కూతుళ్లు, పెద్దామె మడకశిరలో, చిన్నామె బళ్లారిలో. తండ్రి స్వార్జితంలో కూతుళ్లకు సమాన వాటా 1956 నుంచీ ఉంది. పిత్రార్జితంలో వాటాకు మన రాష్ట్రం 1986లో, కేంద్రం 2005లో చట్టాలు చేశాయి. ఇ.సి.లో రిజిస్టరయిన లావాదేవీలే కనబడతాయి. పుట్టిన బిడ్డలు కనబడరు.

"పెండ్లిండ్లప్పుడే ఇచ్చేసినాం సార్, వాళ్లేమీ అనుకోరు" అన్నారు అన్నదమ్ములు.

"ఏమీ అనుకోకపోతే వచ్చి సంతకం చేయమనండి" అన్నారు ప్లీడరుగారు.

ఆ మాట విని నేను తల దించుకున్నాను. ఎందుకంటే నా చేతిలోని సొమ్ములో సగం, ఊళ్లో మా నాన్న వదిలిన వేరుశనగ చేను అమ్మగా వచ్చింది. ఆరోజు మా అక్క వచ్చి, చూపిన చోటల్లా సంతకం చేసి, అన్నం తిని, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయింది. నీకేం కావాలని నేనుగాని, తమ్ముడుగాని అడగలేదు. ఆ సంగతి రాత్రి మా ఆవిడతో చెప్పాను. నా భాగంలోంచి అక్కకు రావలసింది అక్కకు పంపాం. బ్యాంకు అప్పు ఆ మేరకు పెరిగింది. అక్క మొదట ఫోను పెట్టేసింది. మరునాడు తనే చేసి, "ఇప్పుడెందుకు గుర్తొచ్చినాను రా?" అంది. జవాబు తట్టలేదు.

ఇక ప్లీడరుగారితో పని. ఆయన అభిప్రాయం కాగితంమీద రాసి సంతకం చేసి ఇచ్చారు. నోటిమాటగా చెప్పేవారి దగ్గర అది అడిగి తీసుకోవాలి. బయానా చెక్కురూపంలోనే, హక్కులో లోపం తేలితే తిరిగి ఇవ్వాలన్న షరతుతో అగ్రిమెంటు రాసిన తరువాతే ఇప్పించారు. విక్రయపత్రం చిత్తుప్రతి మూడు రోజుల ముందే నా చేతికిచ్చారు. ఈసారి సంధులు వదిలి చెక్కుబందీ చూశాను.

"కాగితం నేను చూస్తాను, నేల మీరు చూసుకోండి" అన్నారొకనాడు. సర్వేయరు దగ్గర కొలతల నక్షా తీసుకొని స్థలం చుట్టూ తిరగమన్నారు. కరువు సీమలో ఏళ్ల తరబడి ఎండిన వంక అచ్చం ఇళ్లస్థలంలా కనబడుతుంది. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురంలో కాలనీలు మునిగినప్పుడు గానీ అది వంకేనని చాలామందికి గుర్తు రాలేదు. నా అదృష్టం, నక్షాలో మా ఇంటి దగ్గర వంక లేదు.

రిజిస్ట్రేషన్‌నాడు అక్కచెల్లెళ్లిద్దరూ వచ్చారు. ఎవరి వాటా డి.డి. వారి పేరనే తీయించాం. పెద్దామె అక్షరం అక్షరం కూర్చి సంతకం చేసి, నావైపు తిరిగి, "బోరులో నీళ్లుండాయా సార్ ఇంకా? మా నాయన ఏపిచ్చింది" అంది. ఉన్నాయన్నాను. డి.డి. మడిచి చీరకొంగున కట్టుకుంది.

ఆ తరువాత ఇంటిపన్ను నా పేరుకు మార్పించుకోవడానికి రెండు నెలలు తిరిగాను. అది వేరే కథ. ఫీజెంతని మీరు అడుగుతారు. బ్రోకరు కమిషన్‌లో పదోవంతు కూడా కాలేదు. దానికే ప్లీడరుగారి దగ్గర ఒక గంట బేరమాడినవాణ్ణి, బ్రోకరుకు మాత్రం అడిగినంతా ఇచ్చి కాఫీ కూడా తాగించాను.