మార్కుల పట్టికలో తెలుగు పేర్లు



తెలుగు పిల్లల మార్కుల పట్టికను ఎక్సెల్‌లో ఇంగ్లీషు అక్షరాలతో నింపి, "తెలుగులో టైపు చేస్తే ఆలస్యమవుతుంది" అనడం మనలో పలువురికి అలవాటు. ఆ ఆలస్యానికి కారణం లిపి కాదు, ప్రతి చిన్న పనికీ మౌస్ కొరకు చేయి చాచడమే అని నా అభిప్రాయం.

నాలుగైదు మీటలు నేర్చి చూడండి. కంప్యూటరులో తెలుగు కీబోర్డును ఒకసారి చేర్చుకొన్న పిమ్మట, విండోస్ మీటతో స్పేస్ బార్ నొక్కితే భాష మారుతుంది. గడిలోని తప్పు దిద్దడానికి ఎఫ్2. పై గడిలోనిదే కింద కావలసివస్తే కంట్రోల్, డి. మార్కుల వరుస చివర ఆల్ట్‌తో సమాన చిహ్నం నొక్కి ఎంటర్ కొడితే మొత్తం సిద్ధం. పొరబడితే కంట్రోల్, జెడ్ ఉండనే ఉన్నది.

ఇన్‌స్క్రిప్ట్ నేర్చినవారికి మరొక లాభం. తెలుగు 'క' ఉన్న మీటపైనే కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ 'క'లు కూడా ఉంటాయి. రెండు భాషల నడుమ పనిచేసే మనకు ఇది స్వల్ప సౌకర్యం కాదు.

లిపి మారితే పోయేదేమిటని అడుగుతారేమో! కల, కళ ఇంగ్లీషు అక్షరాలలో ఒక్కటైపోతాయి. ఈశ్వరి, ఉమ, కమల, గంగ అన్న వరుసలో రెండవదైన ఉమ చిట్టచివరికి పోతుంది. వర్ణమాల నేర్పే మనమే పిల్లలను ఏబీసీడీల వరుసలో నిలబెట్టడం తగునా?

పై కార్యాలయం ఇంగ్లీషులో కోరితే పక్కన మరొక నిలువు వరుస చేర్చండి. తెలుగు పేరును మాత్రం తొలగించకండి.