నీకేమిష్టమో నేను చెప్పనా?

హైదరాబాద్ నుంచి కర్నూలు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీద పెబ్బేరు దగ్గర పక్కకు మళ్లి లోపలికి వెళితే శ్రీరంగాపూర్ వస్తుంది. వనపర్తి సంస్థానాధీశులు కట్టించిన రంగనాయకస్వామి గుడి, దాన్ని ఆనుకుని పెద్ద చెరువు, ఆ నీళ్లలో గోపురం నీడ... చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. 2016లో వనపర్తి జిల్లా ఏర్పడినప్పుడు ఈ ఊరు మండల కేంద్రమైంది. అయినా చుట్టుపక్కల జిల్లాల వాళ్లకు తప్ప పెద్దగా తెలియదు. 2024 సెప్టెంబరు 16న మాత్రం దేశమంతా ఈ ఊరి పేరు మార్మోగిపోయింది. సినీతారలు అదితీరావ్ హైదరీ, సిద్ధార్థ్ ఈ గుడిలో పెళ్లి చేసుకున్న ఫొటోలు బయటికొచ్చాయి మరి!

రాజభవనాలూ, విదేశీ రిసార్టులూ ఉండగా ఈ ఊరే ఎందుకు? అదితి తాతగారు (అమ్మ నాన్న) రాజా రామేశ్వరరావుది వనపర్తి సంస్థానం. ఆ కుటుంబానికి ఈ గుడితో తరాల అనుబంధం. ఇదంతా అప్పట్లో అందరూ చదివిందే. అయితే, ఈ పెళ్లికి ముందు జరిగిన ఇంకో చిన్న సంగతి ఉంది. అసలు కథ అక్కడే ఉంది.

అదితి అమ్మమ్మ శాంతా రామేశ్వరరావు హైదరాబాద్‌లో విద్యారణ్య స్కూలు స్థాపించారు. అమ్మమ్మంటే మనవరాలికి ప్రాణం. ఆ సంగతి సిద్ధార్థ్‌కి తెలుసు. 2024 మార్చిలో ఓరోజు ‘మీ అమ్మమ్మ స్కూలు చూపిస్తావా’ అని అడిగారట. ఇద్దరూ వెళ్లారు. అక్కడ ఉన్నట్టుండి ఆయన మోకాలి మీద కూర్చుంటే, ఏదో పారేసుకుని వెతుకుతున్నాడేమో అనుకుందట ఆమె. ‘చిన్నప్పుడు నీకు బాగా ఇష్టమైన చోట, మీ అమ్మమ్మ ఆశీస్సులతో అడగాలనుకున్నా’ అన్నది ఆయన మాటల సారాంశం. ఓ పత్రిక ఇంటర్వ్యూలో అదితే ఈ ముచ్చట చెప్పారు.

ఉంగరం ఎవరైనా కొనగలరు. దానికి డబ్బుంటే చాలు. అవతలి మనిషికి చిన్నప్పుడు ఏ చోటు ఇష్టమో తెలియాలంటే, ఎప్పుడో ఒకప్పుడు వాళ్లు చెబుతుంటే చెవొగ్గి విని ఉండాలి.

మరి మన సంగతేంటి? మన స్నేహితుడికి చిన్నప్పుడు ఏ మిఠాయి ఇష్టం? పదేళ్లుగా పక్క సీట్లో కూర్చునే సహోద్యోగికి ఏ రంగు నచ్చదు? అమ్మకి ఏ కూర ఇష్టం? ‘ఓస్, ఇంతేనా’ అనిపిస్తోంది కదూ! అయితే ఈ ఆట ఓసారి ఆడి చూడాల్సిందే.

ఎరుపు సులువు... చేప కష్టం!

ఈ ఆట కొత్తదేం కాదు. తొంభైల్లోనూ, ఆ తర్వాతా కాలేజీల్లో చదివినవాళ్లందరికీ స్లామ్ బుక్ గుర్తుండే ఉంటుంది. ఆఖరి పరీక్షలు దగ్గర పడుతున్నాయంటే చాలు... రంగురంగుల పుస్తకం క్లాసంతా చక్కర్లు కొట్టేది. ఫేవరెట్ కలర్, ఫేవరెట్ హీరో, మరిచిపోలేని రోజు... పక్కవాడు ఏం రాశాడో చూసి మనమూ అదే రాసేయడం కూడా మామూలే!

దీని తాతమ్మ ఇంగ్లండులో పుట్టింది. పంతొమ్మిదో శతాబ్దంలో అక్కడి ఇళ్లలో ఇలాంటి ప్రశ్నల ఆల్బమ్‌లు ఉండేవి. ఇంటికొచ్చిన స్నేహితుల చేత సరదాగా జవాబులు రాయించేవాళ్లు. 1865లో కార్ల్‌మార్క్స్ కూడా తన కూతుళ్ల కోసం ఇలా జవాబులు రాశాడు. ఆయనకు ఇష్టమైన రంగేమిటో ఎవరిని అడిగినా ఠక్కున చెప్పేస్తారు. అవును, ఎరుపే! మరి ఇష్టమైన వంటకం? చేప. దీన్ని మాత్రం ఆయన పుస్తకాలన్నీ తిరగేసినా ఊహించలేం. ఆయనతో కలిసి భోంచేసినవాళ్లకే తెలుస్తుంది.

స్నేహంలోనూ అంతే. పదిమందికీ తెలిసిన ఇష్టాలు కొన్ని ఉంటాయి. ఏ హీరో అభిమానో, ఏ జట్టు గెలిస్తే ఎగిరి గంతేస్తాడో చెప్పడం ఎంతసేపు? కంచం దగ్గర, మంచం మీద, ఒంటరిగా ఉన్నప్పుడు బయటపడే ఇష్టాలు వేరు. ఆటలో తడబడేది అక్కడే.

మన అద్దంలో వాళ్ల మొహం

ఎందుకు తడబడతామో మనస్తత్వ శాస్త్రవేత్తలు చాలా ఏళ్లుగా తవ్వి చూస్తున్నారు. 1977లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన లీ రాస్ బృందం ఓ తమాషా ప్రయోగం చేసింది. ‘జో హోటల్లో తినండి’ అని రాసిన పెద్ద అట్టను ఒంటికి తగిలించుకుని క్యాంపస్‌లో తిరుగుతారా అని విద్యార్థుల్ని అడిగారు. సరేనన్నవాళ్లలో చాలామంది ‘మిగతావాళ్లూ ఒప్పుకుంటార్లే’ అన్నారు. కాదన్నవాళ్లేమో ‘ఇలాంటి పనికి ఎవరొప్పుకుంటారు’ అన్నారు. ఎవరికివాళ్లు, లోకమంతా తమలాగే ఆలోచిస్తుందనుకున్నారన్నమాట!

స్నేహితుడి పుట్టినరోజుకు చొక్కా కొనేటప్పుడు జరిగేదీ ఇదే. కౌంటరు ముందు నిలబడి ‘వాడికి ఇది బాగుంటుంది’ అనుకుంటాం. తీరా ఇంటికొచ్చి చూస్తే, అలాంటిదే ఒకటి మన బీరువాలో వేలాడుతూ ఉంటుంది. ఆ చొక్కాను వాడు ఒక్కసారి కట్టుకుని, ఫొటో దిగి, మడిచి లోపల పెట్టేస్తాడు. నచ్చలేదని చెప్పడు పాపం... స్నేహితుడు కదా!

నలభై ఏళ్ల తోడు... పాత జవాబు

కొత్తవాళ్ల విషయంలో సరే, ఏళ్ల తరబడి కలిసి ఉన్నవాళ్లకైనా తెలుస్తుందా? స్విట్జర్లాండ్‌లోని బాసెల్ విశ్వవిద్యాలయం పరిశోధకుల బృందం ఈ సంగతి తేల్చాలనుకుంది. 38 యువ జంటల్నీ, 20 పెద్ద వయసు జంటల్నీ తీసుకున్నారు. చిన్నవాళ్లు సగటున రెండేళ్ల నుంచీ, పెద్దవాళ్లు దాదాపు 41 ఏళ్ల నుంచీ కలిసి ఉంటున్నారు. తిండి, సినిమాలు, వంటగది డిజైన్లు చూపించి ‘వీటిలో మీ భాగస్వామికి ఏది ఎంత నచ్చుతుందో చెప్పండి’ అన్నారు. 2011లో వెలువడిన ఫలితాలు చూసి అందరూ ముక్కున వేలేసుకున్నారు. పెద్దవాళ్లకంటే చిన్నవాళ్లే సరిగ్గా చెప్పారు!

కారణం ప్రేమ తగ్గిపోవడమా? అలాగని కాదు. కొత్తలో అయితే అన్నీ అడిగి తెలుసుకుంటాం. ‘కాఫీనా, టీనా’ దగ్గర్నుంచి ప్రతిదీ విశేషమే. కొన్నాళ్లకు ‘నాకు తెలుసుగా’ అన్న ధీమా వచ్చేస్తుంది. అడగడం మానేస్తాం. ఈలోపు అవతలివాళ్ల ఇష్టాలు మెల్లగా మారిపోతుంటాయి. మన దగ్గర మాత్రం పాత జవాబే ఉండిపోతుంది. ఫ్రెంచి రచయిత మార్సెల్ ప్రూస్ట్ పదమూడు, పద్నాలుగేళ్ల వయసులో స్నేహితురాలి ఆల్బమ్‌లో ఇలాంటి ప్రశ్నలకు జవాబులు రాశాడు. కొన్నేళ్ల తర్వాత మరోసారి రాశాడు. రెండింటికీ చాలా తేడా! మొదటి ఆల్బమ్ చూసి రెండోదాని జవాబులు చెప్పమంటే ఆ స్నేహితురాలు కూడా తప్పేదేమో.

‘నచ్చదురా’ అన్న మాట వెనక...

ఇక చిన్ననాటి ఇష్టాల సంగతికొస్తే, అక్కడ ఇంకో చిక్కుంది. అప్పుడు మనం చూసినవన్నీ నిజం కాకపోవచ్చు.

తెలుగు ఊళ్లలో ఇప్పుడు పూర్వ విద్యార్థుల సమ్మేళనాల సందడి ఎక్కువే. పాతికేళ్ల కిందట పదో తరగతి చదివినవాళ్లంతా ఓ ఆదివారం అదే బడి ఆవరణలో కలుస్తారు. పాత మాస్టార్లకు శాలువాలు కప్పుతారు. భోజనాలయ్యాక చెట్టుకింద కుర్చీలేసుకుని మొదలెడతారు. ‘వీడికి చింతకాయలంటే పిచ్చి’, ‘నీకు పుల్ల ఐసు పడేది కాదు కదరా’... అలాంటప్పుడు ఎవరో ఒకరు నవ్వుతూనే అంటారు: ‘పడకపోవుడేందిరా... చేతిల పైసల్లేక నచ్చదంటుంటి!’ ఆ మాటతో నవ్వులు ఒక్క క్షణం ఆగిపోతాయి.

పాలమూరు ప్రాంతం సంగతి తెలిసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. వానల్లేక, పనుల్లేక దశాబ్దాల పాటు ఇక్కడి కుటుంబాలు ముంబయి, పుణె లాంటి చోట్లకు వలస వెళ్లాయి. అమ్మానాన్నా మట్టిపనికి పోతే పిల్లలు అవ్వాతాతల దగ్గరో, హాస్టళ్లలోనో పెరిగారు. కొందరు పెద్దవాళ్లతో పాటే వెళ్లి, బడినీ స్నేహితుల్నీ సగంలో వదిలేశారు. ఇంటర్వెల్లో అందరూ బడి గేటు దగ్గరికి పరిగెడితే ‘నాకొద్దు’ అని క్లాసులోనే కూర్చున్న పిల్లవాడికి నిజంగా వద్దో, డబ్బుల్లేకో పక్క బెంచీవాడికి ఎలా తెలుస్తుంది?

దూరాన ఉన్న అమ్మానాన్నలదీ ఇదే అవస్థ. పండక్కి ఊరొస్తూ బిడ్డకు ఇష్టమని ఏదో ఒకటి తెస్తారు. అది పోయినేడాది ఇష్టం. ఈ ఏడాదికి ఇష్టం మారిపోయింది, గౌను పొట్టైపోయింది. అది ఎవరి తప్పూ కాదు. రోజూ చూసే వీలున్నప్పుడే ఇష్టాలు తెలుస్తాయి. ఆ వీలు లేనప్పుడు ఫోన్లో ‘తిన్నవా, చదువుకుంటున్నవా’తో పాటు ‘ఇప్పుడేం నచ్చుతోంది బిడ్డా’ అని అడిగితే చాలు, ఎంతో తెలుస్తుంది.

ఇంట్లోనే ఉన్నా తెలియని ఇష్టాలూ ఉంటాయి. అమ్మకి మాడిన అట్టంటేనే ఇష్టమని చాలా ఇళ్లలో పిల్లలు నమ్ముతారు. మంచివన్నీ పిల్లలకు వేసి, ఆఖరిది తన కంచంలో వేసుకోవడం ఏళ్ల తరబడి చూసి అదే ఆమె ఇష్టమనుకుంటారు. ‘చిన్నప్పుడు మీ అమ్మమ్మ నీకేం వండి పెట్టేది’ అని ఓసారి అడిగి చూడండి. జొన్నరొట్టెలోకి పచ్చి పల్లీల కారమో, జాతరలో కొన్న బెల్లం మిఠాయో... అమ్మ మొహంలో పదేళ్ల పిల్ల కనిపిస్తుంది. ఆమె చెల్లెలో, చిన్ననాటి స్నేహితురాలో ఉన్నంతవరకే ఆ సంగతులు చెప్పే సాక్షి ఉన్నట్టు. తర్వాత ఎవర్ని అడుగుతాం?

ఊహించడం కంటే...

‘అవతలివాళ్ల స్థానంలో ఉండి ఆలోచించు’ అని పెద్దలు అంటుంటారు. మంచిమాటే. గొడవల్లో కోపం తగ్గడానికి పనికొస్తుంది కూడా. కానీ ఇష్టాలు తెలుసుకోవడానికి అది చాలదట. టాల్ ఇయాల్, మేరీ స్టెఫెల్, నికోలస్ ఎప్లే అనే పరిశోధకులు 25 ప్రయోగాలు చేసి 2018లో ఫలితాలు ప్రచురించారు. అవతలివాళ్ల స్థానంలో తమను ఊహించుకున్నంత మాత్రాన వాళ్ల మనసులోని మాట సరిగ్గా చెప్పగలగడం పెరగలేదు. మరి ఏం చేస్తే పెరిగింది? నేరుగా అడిగి, వాళ్లు చెప్పేది వింటే! ఇంత చిన్న విషయానికి పాతిక ప్రయోగాలా అనిపించవచ్చు. కానీ మనం రోజూ మరిచిపోయేదీ ఇదే.

అలాగని ఊహించడం మానేయక్కర్లేదు. తప్పు ఊహ కూడా మాట మొదలెట్టడానికి పనికొస్తుంది. ఆటలో అందం అదే.

ఈ ఆదివారమే ఆడండి!

* నలుగురు కూర్చుని తలో చీటీ తీసుకోండి. ఒకరి గురించి మిగతా ముగ్గురూ రాయాలి. చిన్నప్పటి మిఠాయి, ఆట, దాక్కునే చోటు, భయపడే వస్తువు... ఇలా ఐదు ప్రశ్నలు చాలు.

* చీటీ మీద జవాబుతో పాటు ‘ఎలా తెలుసు’ అన్నదీ రాయండి. చూసి చెప్పామా, విని చెప్పామా, మనకిష్టమని వాళ్లకీ అంటగట్టామా అన్నది అప్పుడు బయటపడుతుంది.

* జవాబు తప్పయితే మార్కులు తీసేయొద్దు. అసలు జవాబు వెనకున్న కథ చెప్పమనండి. ఆట మొత్తానికి అదే బహుమతి.

* ‘ఇప్పటికీ అదే ఇష్టమా’ అని తప్పకుండా అడగండి.

* ఎవరైనా ‘నాకేం పెద్దగా ఇష్టాల్లేవు’ అంటే నవ్వి వదిలేయొద్దు. పదిమందిలో గుచ్చిగుచ్చి అడగనూ వద్దు. తీరిగ్గా, ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి.

* ముందు ఇంట్లో పెద్దవాళ్లతో ఆడండి. పిల్లలకు బోలెడు ఆదివారాలున్నాయి.

శ్రీరంగాపూర్ చెరువులో గోపురం నీడ స్పష్టంగా కనిపించాలంటే నీళ్లు కాసేపు నిలకడగా ఉండాలి. స్నేహితుడి మనసూ అలాంటిదే. మన మాట కాసేపు ఆపి వింటే, అన్నీ అక్కడే కనిపిస్తాయి. అన్నట్టు, మీ ప్రాణస్నేహితుడికి చిన్నప్పుడు ఏ చోటు ఇష్టమో తెలుసా? తెలియకపోతే ఫోన్ పక్కనే ఉందిగా... అడిగేయండి!