సేవకు రసీదు ఏది?

రోడ్డు ప్రమాదంలో నడుము విరిగి మంచం పట్టిన మగవాడి కేసు వస్తే వకీలు ఏం అడుగుతాడు? జీతం సర్టిఫికెట్టు, ఆసుపత్రి బిల్లులు, వైకల్యం ఎంత శాతమో డాక్టరు రాసిచ్చిన కాగితం. ఒంటికి పుండ్లు పడకుండా రాత్రిళ్ళు కూడా గంటగంటకూ లేచి అతన్ని పక్కకు తిప్పేది ఎవరని అడగడు. భార్యే కదా! ఆమె మానుకున్న బీడీల పనికీ, అమ్ముకున్న గేదెకూ, బడి మానిన కూతురికీ రసీదులుండవు. రసీదు లేనిదానికి ట్రిబ్యునల్లో విలువ కట్టించడం కష్టం.

ఇంగ్లాండులో తీవ్ర గాయాల దావాలు నడిపే సొలిసిటర్లకు ఇది మామూలు పనే. ఇంట్లో ఎవరు, రోజుకు ఎన్ని గంటలు సేవ చేశారో అడిగి దావాలో చేరుస్తారు. ఆ పద్దు కింద వచ్చిన సొమ్మును గాయపడిన వ్యక్తి సేవ చేసినవారి కోసం ట్రస్టుగా ఉంచాలని 1994లో హంట్ వర్సెస్ సెవర్స్ కేసులో హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు చెప్పింది. బయటి ఆయాకిచ్చే రేటులో కొంత కోసి కడుతుంటారు. ప్రేమకు డిస్కౌంటు కాబోలు! అయినా అది లెక్కలో ఉంది.

మన దగ్గర దారి లేదని కాదు. ప్రమాదంలో పూర్తిగా అశక్తురాలైన 12 ఏళ్ళ బాలిక కేసులో 2020లో సుప్రీంకోర్టు ఇద్దరు సహాయకులకు నెలకు 5,000 చొప్పున, 18 గుణకంతో 21 లక్షల 60 వేలు ఇచ్చింది. గాయపడినది గృహిణి అయితే మరో పేచీ. 1994లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన రెండవ షెడ్యూలు, ఆదాయం లేనివారికి ఏడాదికి 15,000 అని రాసింది. భార్యకైతే భర్త ఆదాయంలో మూడో వంతు! అంటే అన్నం వండే చేతి విలువ మొగుడి జీతాన్ని బట్టి మారుతుందన్నమాట. ఆ షెడ్యూలు తర్వాత మారింది. 2021లో జస్టిస్ ఎన్.వి.రమణ తన తీర్పులో 2019 నాటి కాలవినియోగ సర్వేను ఉదహరించారు: జీతం లేని ఇంటిపనికి స్త్రీలు రోజుకు 299 నిమిషాలు, పురుషులు 97. కానీ అది మరణించిన దంపతుల కేసు. బతికి మంచాన పడ్డ స్త్రీ చేయలేకపోయిన పని మాట ఎవరెత్తాలి?

మొదట వకీలే ఎత్తాలి. అయితే చాలామందికి లోక్ అదాలత్‌లో త్వరగా రాజీ చేసి తమ వాటా తీసుకోవడమే తొందర. వచ్చినదాంట్లో వాటా అడగడాన్ని బార్ కౌన్సిల్ నియమాలు నిషేధించాయి. కోర్టు ఆవరణలో నియమాలు చదివేదెవరు లెండి!

అందుకే మన సంఘాలు కేసు వేసేదాకా ఆగకూడదు. బాధితుడు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజే ఒక నోటుబుక్కు మొదలుపెట్టించాలి: తేదీ, చేసిన సేవ, ఎన్ని గంటలు, ఎవరు, ఏ కూలి పోయింది. ఆమెకు చదువు రాకపోతే మన కార్యకర్త రాయాలి. భార్యను భర్త గాయాలకు సాక్షిగానే కాక, తన శ్రమకు సాక్షిగా కూడా బోనెక్కించమని వకీలును పట్టుబట్టాలి. పరిహారం బ్యాంకులో డిపాజిట్ చేయమని ట్రిబ్యునల్ ఆదేశించేటప్పుడు, సేవ పద్దు కింద వచ్చింది ఆమె పేరుతో వేరే ఖాతాలో వేయమని ముందే అర్జీ పెట్టాలి.