ఇంటిపేరు అడగని ఆతిథ్యం

అమీర్‌పేటలో నిలబడి తలెత్తి చూస్తే అన్నీ బోర్డులే. సాఫ్ట్‌వేర్ కోర్సులు, ఉద్యోగ పరీక్షల కోచింగ్... వాటి మధ్య సందుసందుకీ ఓ హాస్టల్. పంజగుట్ట వైపు వెళ్తుంటే హోటళ్లు. ఇంకాస్త ముందుకెళ్తే నిమ్స్ హాస్పిటల్. హాస్టల్, హోటల్, హాస్పిటల్... ఈ మూడు మాటలకీ తల్లి ఒక్కటే. లాటిన్‌లో ‘హోస్పెస్’. అతిథి అన్నా అదే మాట, అతిథిని ఆదరించేవాడన్నా అదే మాట. మన ‘అతిథి’కి కూడా తిథి చూసుకోకుండా వచ్చేవాడనే కదా పెద్దలు చెప్పే అర్థం!

మరి క్రైస్తవం చెప్పే ఆతిథ్యం ఎలాంటిది? విందు చేసినప్పుడు స్నేహితుల్నీ, బంధువుల్నీ, డబ్బున్న ఇరుగుపొరుగునీ పిలవొద్దంటారు క్రీస్తు, లూకా సువార్త 14వ అధ్యాయంలో. ఎందుకంటే వాళ్లు మళ్లీ మనల్ని పిలుస్తారు, చెల్లుకు చెల్లు. తిరిగి పిలిచే స్తోమత లేని పేదల్నీ, నడవలేనివారినీ, చూపులేనివారినీ పిలవమంటారు. పుట్టినప్పుడు ఆయనకే సత్రంలో చోటు దొరకలేదు మరి!

ఆ మాటను మనసుకు పట్టించుకున్నవారిలో ఒకరు నాలుగో శతాబ్దపు బిషప్ బాసిల్. ఇప్పటి తుర్కియేలోని కైసరయ పట్టణం వెలుపల రోగులకూ, పేదలకూ, బాటసారులకూ పెద్ద ఆశ్రయం కట్టించారు. ప్రపంచంలోని తొలి ఆసుపత్రుల్లో దాన్నీ లెక్కిస్తారు. ‘చర్చి తరఫున సత్రం ఉందిగా, ఇక మనకెందుకు’ అనుకునేవాళ్లూ ఆ కాలంలో లేకపోలేదు. వాళ్లకు తర్వాతి తరం బిషప్ జాన్ క్రిసోస్టమ్ గట్టిగానే చెప్పారు... మీ ఇంట్లోనే ఒక గది ఉంచండి, మంచం, బల్ల, దీపం పెట్టండి అని. ఇంకొకరు ప్రార్థన చేస్తున్నారని మనం మానేస్తామా అన్నది ఆయన ప్రశ్న.

ఆ ప్రశ్న ఎంత నిజమో అమీర్‌పేటకు 2020 మార్చి 25న తెలిసింది. ఆరోజు ఉగాది. దేశమంతటా లాక్‌డౌన్ మొదలైన రోజు కూడా. హాస్టళ్లు ఖాళీ చేయమనడంతో వందలాది యువతీయువకులు బ్యాగులు భుజాన వేసుకుని పంజగుట్ట, ఎస్సార్‌నగర్ పోలీస్‌స్టేషన్ల ముందు బారులు తీరారు, సొంతూరికి వెళ్లే అనుమతి పత్రాల కోసం. ఆ కాగితాలు పట్టుకుని బయల్దేరిన చాలామందిని ఆంధ్రా సరిహద్దులో గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆపేశారు. ముందు ఊరు లేదు, వెనక గది లేదు. చివరికి ఎవరినీ ఖాళీ చేయించొద్దని ప్రభుత్వమే హాస్టళ్లకు చెప్పాల్సి వచ్చింది. నిర్వాహకుల ఇబ్బందులు నిర్వాహకులవి. కానీ ఒక సంగతి తేలిపోయింది. నెలనెలా డబ్బు కట్టిన మంచం కష్టకాలంలో మనది కాకుండా పోవచ్చు. ఆతిథ్యాన్ని మొత్తంగా బోర్డులకు వదిలేయలేం.

‘రెండు గదుల ఇల్లు, తెలియని మనిషి... భయం ఉండదా?’ ఉంటుంది. తొలినాటి క్రైస్తవులకూ ఉంది. అందుకే ఆ కాలపు ‘డిడాకే’ అనే చిన్న పుస్తకం బాటసారిని ఆదుకోమంటూనే, ఉంటే రెండు మూడు రోజులే అని హద్దు పెట్టింది. స్థిరపడాలనుకుంటే పని చేసుకుని తినాలంది. ఇక మంచి సమరయుడి కథ చూడండి. దెబ్బలు తిని దారిలో పడి ఉన్నవాణ్ని అతను తన ఇంటికి తీసుకెళ్లలేదు. పూటకూళ్ల ఇంట్లో చేర్చి, రెండు దేనారాలు, అంటే రెండు రోజుల కూలి, చేతిలో పెట్టాడు. ఇంకా ఖర్చయితే తిరిగొచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. ఇంట్లో గది లేనివాళ్లు చేయగలిగిన ఆతిథ్యం అది!

నిమ్స్ దగ్గర జిల్లాల నుంచి రోగి వెంట వచ్చినవాళ్లకు ఓ అన్నం క్యారేజీ, స్నానానికి చోటు, ఏ కౌంటర్‌కు వెళ్లాలో ఓపిగ్గా చెప్పే మనిషి... ఇవన్నీ ఆ రెండు దేనారాల్లాంటివే. ఆదివారం ఆరాధన అయ్యాక వెనక వరసలో ఒంటరిగా కూర్చున్న హాస్టల్ పిల్లతో ‘మధ్యాహ్నం మా ఇంట్లో తిని వెళ్దువుగాని రామ్మా’ అనడం కూడా.

ఒక్క జాగ్రత్త. మనకు కొత్తవాళ్లు ఎదురుపడగానే ఇంటిపేరు అడిగే అలవాటుంది. ఆ ప్రశ్న వెనకున్న ప్రశ్న ఏమిటో అందరికీ తెలుసు. యూదులకూ సమరయులకూ పొసగని రోజుల్లో ఆ సమరయుడు అదేమీ అడగలేదు. మండుటెండలో గుడారం ముందుకొచ్చిన ముగ్గురు అపరిచితుల్ని అబ్రాహామూ అడగలేదు. కాళ్లకు నీళ్లిచ్చి, చెట్టు నీడన కూర్చోబెట్టి, ముందు అన్నం పెట్టాడు. వచ్చినవాళ్లు దేవదూతలని ఆయనకు తెలిసింది ఆ తర్వాతే.