జీపుకు మూడో కన్ను

అడవి దారుల్లో తిరిగే జీపులకు అదనపు దీపాలు తగిలించడం ఇప్పుడొక అలంకారమైంది. మా మిత్రబృందంలో తొమ్మిది బండ్లుంటే ఏడింటి నెత్తిన బారెడేసి ఎల్ఈడీ పట్టీలున్నాయి. కొనేముందు అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: "ఎన్ని ల్యూమెన్లు?" నా మటుకు నాకు, చివరగా అడగవలసిన ప్రశ్న అది. (ఒకప్పుడు నేనూ మొదట అదే అడిగాను కనుక ఈ మాట అనే అర్హత నాకుందనుకుంటాను.)

ల్యూమెన్ అన్నది దీపం నుంచి వెలువడే మొత్తం కాంతికి కొలత. ఆ కాంతి ఎక్కడ పడుతుందో అది చెప్పదు. బావిలో నీళ్ళెన్ని ఉన్నాయో తెలిసినంత మాత్రాన ఏ మడికి ఎంత పారిందో తెలియదు కదా! కాంతిని మళ్ళించే కాలువలు దీపం లోపలి రిఫ్లెక్టరూ, ముందున్న అద్దమూ. పైగా రెట్టింపు దూరం అంతే స్పష్టంగా చూడాలంటే నాలుగింతల వెలుగు కావాలి. అసలు అంత దూరం మనకెందుకు? ఘాటు దిగి మట్టిదారి పట్టాక మనం వెళ్ళేది గంటకు 15, 20 కిలోమీటర్లు. అంటే సెకనుకు నాలుగైదు మీటర్లు. ఆ వేగానికి అర కిలోమీటరు అవతలి చెట్టు కనబడి ప్రయోజనం లేదు. ఎడమ చక్రం పక్కనున్న గొయ్యి కనబడాలి, మలుపు లోపలి అంచు కనబడాలి. కావలసింది వెడల్పు, దూరం కాదు.

ఈ జ్ఞానం నాకు పుస్తకాల వల్ల కలగలేదు. కొన్నేళ్ళ క్రితం ఒక డిసెంబరులో, తెల్లవారుజామున లంబసింగి దాటి వెళుతున్నాను. పొగమంచు దట్టంగా ఉంది. దారి ఆనక, నెత్తిమీది పట్టీ వెలిగించాను. ఎదుట తెల్లటి గోడ లేచింది. బానెట్టు మీద పడ్డ వెలుగు తిరిగి నా కళ్ళలోనే పొడిచింది. బండి ఆపేశాను, కాని దీపం ఆర్పడం తోచలేదు. ఆ గోడలోంచి, పది అడుగుల దూరంలో, కావడి మోసుకుంటూ ఒక పెద్దాయన బయటపడ్డాడు. సంతకు వెళుతున్నట్టున్నాడు. మోచేయి కళ్ళకు అడ్డుపెట్టుకుని ఒక అడుగు పక్కకు వేశాడు. అటువైపున్నది లోయ.

"బాబూ, ఆ లైటార్పెయ్యి, దోవ అగుపడ్డం నేదు" అన్నాడు. కోపం కూడా లేదు ఆ గొంతులో. ఆర్పాను. చేతులు వణికాయి. శివుడి మూడో కన్ను తెరుచుకుంటే ఏమవుతుందో పురాణాల్లో చదువుకున్నవాళ్ళమే, మన బండికి వచ్చేసరికి మరిచిపోతాం.

పసుపు కాంతి మంచును చీల్చుకుపోతుందని చాలామంది నమ్మకం. నిజానికి పొగమంచు బిందువులు కాంతి తరంగాలకన్నా ఎన్నో రెట్లు పెద్దవి. అవి అన్ని రంగులనూ దాదాపు ఒకేలా చెదరగొడతాయి. అయినా నేను పసుపే పెట్టించాను. నీలం పాలు తగ్గిన వెలుగు నా కళ్ళకు జిగేలుమనదు, అంతే. ఫ్రాన్సులో 1930ల చివరినుంచి 1993 దాకా కార్ల హెడ్‌లైట్లు పసుపువే ఉండాలన్న నియమం ఉండేది. రంగుకన్నా ముఖ్యం దీపం ఎత్తు. అది కంటికి ఎంత దూరంగా, ఎంత కిందుగా ఉంటే మంచునుంచి తిరిగొచ్చే వెలుగు అంత తక్కువగా కంటికి తగులుతుంది. పుంజం పైఅంచు గీత గీసినట్టు తెగిపోవాలి. కప్పుమీది పట్టీ సరిగ్గా ఇందుకు విరుద్ధం.

అయితే కిందికి దించిన దీపానికి వాగుల గండం ఉంది. వేడెక్కిన హాలోజెన్ అద్దం చన్నీటిలో మునిగితే పగులుతుంది. ఐపీ67 ముద్ర ఉంటే మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకోవాలి.

తీగల సంగతి కూడా చెప్పాలి. మొదట్లో నాకు 100 వాట్ల హాలోజెన్లు రెండు బిగించిన మెకానిక్ వాటిని నేరుగా డాష్‌బోర్డు మీటకు కలిపేశాడు. 12 వోల్టుల దగ్గర అది సుమారు 17 ఆంపియర్లు. మూడో ప్రయాణంలో మీట కరిగి కంపుకొట్టింది. బ్యాటరీనుంచి ఫ్యూజు, రిలే మీదుగా లావుపాటి తీగ వేయించాక అవే బల్బులు కొత్తవాటిలా వెలిగాయి. హాలోజెన్ బల్బుకు వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుగు దాదాపు మూడో వంతు పడిపోతుంది మరి! కొత్త దీపాలకు వేలు పోసేముందు పాత తీగలు చూసుకోమని అందుకే అంటాను.

ఇప్పుడు నా బండికి బంపరు దగ్గర వెడల్పు పుంజపు పసుపు దీపాలు రెండు, వాటిపైన చిన్న స్పాట్ దీపాలు రెండు ఉన్నాయి. నెత్తిమీది పట్టీ ఊడదీశాను. అది మా బావమరిది కళ్ళంలో, రాత్రిపూట ధాన్యం ఎత్తేటప్పుడు వెలుగుతోంది. దానికి తగిన చోటు అదే. తారురోడ్డు ఎక్కగానే నాలుగింటికీ నల్ల రెక్సిన్ తొడుగులు వేస్తాను. అవి కుట్టించడానికి వెళితే దర్జీ కొలతలు తీసుకుంటూ అడిగాడు: "ఏంటి సార్, బండికి గంతలా?"