పొక్లెయిన్ సరే, బకెట్ ఏది?

ఏటా వేసవి చివర, కాలువలకు నీళ్లు వదిలే ముందు, కృష్ణా డెల్టా మురుగు డ్రైన్లలోకి పొక్లెయిన్లు దిగుతాయి. ఎన్ని యంత్రాలు పెట్టారు, ఎన్ని గంటలు తిరిగాయి, బిల్లెంతయింది అని రైతులూ అడుగుతారు, నాయకులూ అడుగుతారు. ఆ యంత్రానికి ఏ బకెట్ తగిలించారని అడిగేవాళ్లు తక్కువ. తొలకరికి ముందు తీసిన గుర్రపుడెక్క పంట పొట్టకొచ్చే వేళకు మళ్లీ డ్రైన్ నిండా పరుచుకుంటోందంటే, అందుకు ఒక కారణం ఈ అడగని ప్రశ్నలోనే ఉంది.

మామూలుగా దిగేది పళ్ల బకెట్. అది గట్టి మట్టి తవ్వడానికి చేసిన పనిముట్టు. గుర్రపుడెక్కలో నూటికి తొంభై పాళ్లకు పైగా నీరే. దాన్ని అడుగు మూసి ఉన్న బకెట్‌తో ఎత్తితే చుట్టూ ఉన్న నీళ్లు కూడా వచ్చి, వాటిని మోయడానికే బోలెడు డీజిలు ఖర్చవుతుంది. పైగా పళ్ల కింద కాడలు తెగి, ముక్కలు బకెట్ అంచు మీంచి జారి ప్రవాహంలో పడతాయి. కణుపున్న ప్రతి ముక్కా కొత్త మొక్క కాగలదు. అనువైన నీటిలో రెండు వారాల్లోనే రెట్టింపవుతుంది. అదే బకెట్ గట్టు వాలును గీరితే వదులైన మట్టి తొలి వానకే డ్రైన్‌లోకి దిగి కొత్త పూడికవుతుంది. తేలే గుర్రపుడెక్కకు నీళ్లు కారిపోయేలా ఊచలున్న బకెట్ కావాలి. అడుగున పేరుకున్న మెత్తటి ఒండ్రుకు పళ్లు లేని వెడల్పాటి బకెట్ కావాలి. వేళ్లూనుకున్న తూడు, జమ్ములను పెకలించాల్సిన చోట మాత్రమే పళ్లకు పని. మంచు పడే దేశాల్లో స్కిడ్ స్టీర్ లోడర్ అనే చిన్న యంత్రం నడిపే కాంట్రాక్టరు కూడా పడింది తడి మంచా, పొడి మంచా, పక్కకు నెట్టే చోటుందా, దూరంగా విసరాలా అని చూసుకున్నాకే బ్లేడో బ్లోయరో తగిలిస్తాడు. మన దగ్గర ఆ చూపు లేకపోవడమే లోటు.

ఒక్కో పనికి ఒక్కో బకెట్ అంటే ఖర్చు కాదా అనవచ్చు. బకెట్‌ను పిన్నులు తీసి మార్చుకోవచ్చు. దానికోసం వేరే యంత్రం కొననక్కర్లేదు. ఊచల బకెట్ మన వెల్డింగ్ షెడ్లలో తయారు కాలేనంత విచిత్రమైనదీ కాదు. మందు కొడితే చవకగా పోతుందని ఇంకో మాట. చచ్చిన గుర్రపుడెక్క మాయమైపోదు. కుళ్లి, నీటిలోని ప్రాణవాయువును తినేసి, అడుగుకు చేరి పూడికవుతుంది. ఆ డ్రైన్ నీళ్లనే దిగువన చేపల, రొయ్యల చెరువులకు తోడుకుంటున్నప్పుడు నష్టం ఇంకొకరి ఖాతాలో పడుతుందంతే.

అసలు జబ్బు సముద్ర ముఖద్వారాల్లో ఉంటే బకెట్ గురించి గొడవేమిటన్నది వీటిలో బలమైన అభ్యంతరం. అందులో నిజముంది. నందివాడ మీదుగా వచ్చే బుడమేరు నీరు కొల్లేరులో కలిసి ఉప్పుటేరు దాటితేగాని సముద్రం చేరదు. దివిసీమలో రత్నకోడు లాంటి డ్రైన్లకు పోటు వేళ దారి మూసుకుపోతుంది. 1964 వరదల తర్వాత మిత్రా కమిటీ డెల్టా మురుగు సమస్యను పరిశీలించింది. 1968లో డ్రైనేజీ సెస్సు చట్టమూ వచ్చింది. ముఖద్వారాలను బాగుచేసే పెద్ద పనులు జరగాల్సిందే. అయితే నేల వాలు ఇంత తక్కువగా ఉన్న చోట, ముఖద్వారం తెరుచుకునే ఆ కొద్ది గంటల పాటులోనే నీరు బయటపడాలి. అప్పుడు డ్రైన్‌లో గుర్రపుడెక్క అడ్డుంటే దొరికిన అవకాశమూ చేజారుతుంది. ముఖద్వారం ఎంత ఇరుకైతే లోపలి డ్రైన్ అంత శుభ్రంగా ఉండాలి.

కాబట్టి మార్చాల్సింది పని ఉత్తర్వు. ఏ డ్రైన్‌లో ఏ మేర గుర్రపుడెక్క, ఏ మేర ఒండ్రు, ఏ మేర తూడు ఉందో ముందే నడిచి చూసి, దాన్నిబట్టి బకెట్ రకాన్ని టెండరులోనే రాయాలి. తెగిన ముక్కలు కొట్టుకుపోకుండా దిగువన అడ్డుతాడు కట్టించాలి. తీసిన చెత్తను గట్టు అంచున వదలకుండా దూరంగా తరలించాలి. యంత్రం తిరిగిన గంటలకు బిల్లు కట్టే పద్ధతి మానేసి, పని ముగిశాక డ్రైన్ వెడల్పు, లోతు కొలిచి కట్టాలి. రెండు నెలలయ్యాక మళ్లీ చూసి గాని చివరి వాయిదా ఇవ్వకూడదు. సొమ్ము ఫలితానికి ముడిపడితే, సరైన బకెట్ వెతుక్కునే పని కాంట్రాక్టరే చేసుకుంటాడు.