గ్రీలీ కోటుకు వేలాడిన చీటీ

రాజకీయ కార్టూన్ అనగానే బలవంతుణ్ణి నిలదీసే గీత అని మురిసిపోతాం. అందుకు అందరూ చూపించే సాక్షి అమెరికా చిత్రకారుడు టామస్ నాస్ట్. న్యూయార్క్ నగర ఖజానాను దోచిన ట్వీడ్ ముఠాను 1871లో హార్పర్స్ వీక్లీలో ఉతికి ఆరేసింది ఆయన బొమ్మలే. మరుసటి ఏడు అదే చెయ్యి ఏం గీసిందో కూడా చూడాలి.

1872 అధ్యక్ష ఎన్నికల్లో అప్పటి అధ్యక్షుడు గ్రాంట్ మీద పోటీకి దిగినవాడు హొరేస్ గ్రీలీ. న్యూయార్క్ ట్రిబ్యూన్ స్థాపకుడు, బానిసత్వాన్ని ఏళ్ల తరబడి ఎండగట్టిన సంపాదకుడు. తెల్ల టోపీ, పొడుగు కోటు, కళ్లజోడు, గడ్డం కింద తెల్లటి కుచ్చు. వ్యంగ్య చిత్రకారుడికి ఇంకేం కావాలి? ఉపాధ్యక్ష అభ్యర్థి గ్రాట్జ్ బ్రౌన్ ఫొటో నాస్ట్‌కు దొరకలేదట. ఆయన పేరు రాసిన చీటీ ఒకటి గ్రీలీ కోటుకు వేలాడదీశాడు. నాస్ట్ బొమ్మల్లో పాపం బ్రౌన్ అంటే ఆ చీటీయే. ఇంతవరకూ హాయిగా నవ్వుకోవచ్చు.

అంతర్యుద్ధపు నెత్తుటి అగాధాన్ని దాటి ఉత్తర దక్షిణాలు చేతులు కలపాలన్నది గ్రీలీ పిలుపు. నాస్ట్ ఆ పిలుపునే ఆయన మెడకు చుట్టాడు. లింకన్ సమాధి మీదుగా, లింకన్‌ను చంపిన బూత్‌తో గ్రీలీ చెయ్యి కలుపుతున్నట్టు గీశాడు. నాస్ట్ కోపం ఉత్తినే పుట్టింది కాదు. దక్షిణాదిలో నల్లవారి మీద కూ క్లక్స్ క్లాన్ దాడులు సాగుతుంటే, గ్రీలీ సయోధ్య మంత్రం వారిని గాలికొదిలేలా ఉంది. ఆ మాట అనాల్సిందే. అందుకోసం హంతకుడి చేతిలో ఆయన చెయ్యి పెట్టించాలా? కాస్త తగ్గమని వీక్లీ సంపాదకుడు కర్టిస్ మొత్తుకున్నాడు. యజమాని ఫ్లెచర్ హార్పర్ నాస్ట్ పక్షం వహించాడు. సాటి సంపాదకులుగా మాకు కర్టిస్ మీద జాలే.

పోలింగు ముంగిట, గ్రీలీని స్ట్రెచర్ మీద మోసుకుపోతున్న బొమ్మ వచ్చింది. అక్టోబరు 30న ఆయన భార్య చనిపోయింది. ఎన్నికల్లో ఆరు రాష్ట్రాలే దక్కాయి. నవంబరు 29న, ఎలక్టర్లు ఓట్లు వెయ్యకముందే, ఆయనా పోయాడు.

గ్రాంట్ గెలుపులో పెద్ద వాటా నాస్ట్‌దేనని మార్క్ ట్వైన్ అభినందించాడు. నిజమే కావచ్చు. 1875లో గ్రాంట్ మనుషుల చుట్టూ విస్కీ పన్ను కుంభకోణం బయటపడింది. ట్వీడ్ నాటి వేడి అప్పుడు నాస్ట్ గీతలో కనిపించదు. ట్వీడ్ బొమ్మలకు దక్కిన కీర్తికి ఆయన అర్హుడే. చీటీ బొమ్మకు మేమూ నవ్వుతాం. బూత్ బొమ్మను మాత్రం, ఎంత గొప్పగా గీసినా, మా పత్రికలో వేసేవాళ్లం కాదు.